రాజ్‌పుత్ తరగతి యుద్ధనౌకలు: నాలుగు దశాబ్దాల సేవ, బలాలు, లోపాలు

రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్లు 1980 నుంచి భారత నౌకాదళంలో సేవలందించిన ఐదు యుద్ధనౌకలు. రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణవీర్, రణవిజయ్ అనేవి వాటి పేర్లు. ఐదూ నాటి సోవియట్ యూనియన్‌లోని నికొలాయెవ్ నగరంలో తయారయ్యాయి. ఆ నగరం నేడు ఉక్రెయిన్‌లో ఉంది. మొదటి నౌక రాజ్‌పుత్ 1980 మే 4న నౌకాదళంలో చేరింది. 1982లో రాణా, 1983లో రంజిత్, 1986లో రణవీర్ వచ్చాయి. 1987-88 నాటికి రణవిజయ్ రాకతో వరుస పూర్తయింది. తూర్పు తీరానికి ఈ నౌకలు చాలాకాలం ప్రధాన బలంగా నిలిచాయి. రంజిత్ 2019లో, రాజ్‌పుత్ 2021లో విశాఖపట్నంలోనే సేవ ముగించాయి. కాలం మీద పడుతున్నకొద్దీ ఈ నౌకల్లో ఏ భాగం నిలిచింది, ఏ భాగం వెనకబడింది అన్నది భారత నౌకా నిర్మాణ చరిత్రలో ముఖ్యమైన పాఠం.

పాత పేర్లు, కొత్త అవసరం

రాజ్‌పుత్, రాణా, రంజిత్ అనే పేర్లు భారత నౌకాదళానికి అంతకుముందే పరిచయం. 1949లో బ్రిటన్ నుంచి కొన్న మూడు డిస్ట్రాయర్లకు మొదట ఈ పేర్లు పెట్టారు. అవి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన నౌకలు. ఫిరంగులు, టార్పెడోలు, నీటిలోతులో పేలే డెప్త్ ఛార్జ్ బాంబులు వాటి ఆయుధాలు. క్షిపణులు లేవు.

ఆ పాత రాజ్‌పుత్ పేరు విశాఖ చరిత్రలో చెరగకుండా ఉంది. 1971 నవంబరులో విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతానికి బయలుదేరింది. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను దూరంగా దాచి, రాజ్‌పుత్ నుంచి పంపే రేడియో సందేశాలతో ఆ పెద్ద నౌక విశాఖ దగ్గరే ఉన్నట్టు భ్రమ కల్పించారు. డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్‌ల వల్లే అది మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడే కారణమని పాకిస్తాన్ వాదన. అప్పటికే వయసు మళ్లిన ఓడను తెలివిగా వాడుకుంటే ఎంత పని సాధించవచ్చో ఈ ఘట్టం చూపింది.

అదే యుద్ధంలో పశ్చిమ తీరాన మరో సంగతి తేలింది. కరాచీ మీద దాడికి వెళ్లిన చిన్న సోవియట్ క్షిపణి పడవలు తమకంటే ఎన్నో రెట్లు పెద్దవైన నౌకలను ముంచాయి. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ వాటికి బలైంది. ఆ తరువాత క్షిపణులు లేని డిస్ట్రాయర్‌కు యుద్ధంలో చోటు లేకుండా పోయింది. బ్రిటన్ నుంచి వచ్చిన నౌకలు 1970ల్లో ఒక్కొక్కటిగా నిష్క్రమించాయి. వాటి స్థానంలో పెద్ద ఓడలు అవసరమయ్యాయి. ఆ అవసరంతో నౌకాదళం సోవియట్ యూనియన్ వైపు చూసింది. 1965 ఒప్పందంతో మొదలైన ఆ బంధం వల్ల పెట్యా తరగతి నౌకలు, జలాంతర్గాములు అప్పటికే విశాఖకు వచ్చాయి. వాటి మరమ్మతుకు సోవియట్ సహకారంతో విశాఖలో నౌకాదళ డాక్‌యార్డ్ కూడా ఏర్పడింది. అందుకే కొత్త డిస్ట్రాయర్లకు విశాఖ సహజమైన నివాసమైంది.

ప్రాజెక్ట్ 61 నుంచి రాజ్‌పుత్ దాకా

ఈ నౌకలకు మూలం సోవియట్ ప్రాజెక్ట్ 61. పాశ్చాత్య దేశాలు దీన్ని కాషిన్ తరగతి అన్నాయి. 1962 నుంచి సోవియట్ నౌకాదళం ఇలాంటివి 20 నౌకలు కట్టుకుంది. కేవలం గ్యాస్ టర్బైన్ల మీదే నడిచే పెద్ద యుద్ధనౌకల్లో ప్రపంచంలో మొట్టమొదటివి ఇవే. అంతకుముందు డిస్ట్రాయర్లు ఆవిరి బాయిలర్ల మీద నడిచేవి. ఆవిరి సిద్ధం కావడానికి గంటలు పట్టేది. గ్యాస్ టర్బైన్ అయితే నిమిషాల్లో పూర్తి శక్తి అందుకుంటుంది. ఆ టర్బైన్ల హోరు వల్ల సోవియట్ నావికులు ఈ నౌకలను పాడే ఓడలని పిలిచేవారు.

భారత్ కోరిన నౌకకు ప్రాజెక్ట్ 61ఎంఇ అని పేరు. సోవియట్ నమూనాతో పోలిస్తే ఇందులో మార్పులు చాలా ఉన్నాయి. వెనుకవైపు ఫిరంగిని తీసేసి హెలికాప్టర్‌కు చోటు కల్పించారు. డెక్ కింద హ్యాంగర్ ఉంటుంది. అక్కడి నుంచి హెలికాప్టర్ లిఫ్ట్ మీద పైకి వస్తుంది. బ్రిడ్జికి రెండు పక్కలా ముందుకు గురిపెట్టిన నాలుగు పి-20ఎం క్షిపణులు అమర్చారు. ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున వోల్నా విమాన విధ్వంసక క్షిపణుల లాంచర్లు ఉన్నాయి. వాటికి తోడు ముందు భాగంలో జంట గొట్టాల 76 మిల్లీమీటర్ల ఫిరంగి, దగ్గరి రక్షణకు 30 మిల్లీమీటర్ల తుపాకులు, ఐదు గొట్టాల టార్పెడో లాంచర్, జలాంతర్గాముల మీద రాకెట్లు వదిలే రెండు ఆర్‌బియు-6000 లాంచర్లు ఉన్నాయి.

నౌక పొడవు సుమారు 147 మీటర్లు, వెడల్పు దాదాపు 16 మీటర్లు, పూర్తి బరువు 5,000 టన్నులకు కాస్త తక్కువ. నాలుగు టర్బైన్లు కలిసి 72,000 అశ్వశక్తి ఇచ్చి ఓడను 35 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 65 కిలోమీటర్ల చొప్పున నడుపుతాయి. దాదాపు 320 మంది సిబ్బంది ఉంటారు.

జార్జియాలోని పోతి రేవులో జరిగిన కార్యక్రమంలో నాటి భారత రాయబారి ఐ.కె. గుజ్రాల్ రాజ్‌పుత్‌ను నౌకాదళంలోకి స్వీకరించారు. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. ఆయన తరువాత వైస్ అడ్మిరల్ స్థాయికి ఎదిగి, విరమణ అనంతరం భారత నౌకాదళ చరిత్రను మూడు సంపుటాలుగా రాశారు. రంజిత్‌కు మొదట సారథ్యం వహించిన విష్ణు భగవత్ 1996లో నౌకాదళ ప్రధానాధికారి అయ్యారు. రెండు తరాల భారత నౌకాధికారులు క్షిపణి యుద్ధం నేర్చుకున్న ఓడలు ఇవి.

బలాలు

ఈ నౌకల మొదటి బలం వేగం. విమానవాహక నౌక ఎంత వేగంగా వెళ్లినా పక్కనే ఉండి కాపు కాయగలవు. జలాంతర్గామి జాడ దొరికిన చోటికి త్వరగా చేరగలవు. శత్రువు వైపు దూసుకెళ్లి క్షిపణి వదిలి వెనుదిరగగలవు.

రెండో బలం ఒకే నౌకలో అన్ని రకాల ఆయుధాలూ ఉండడం. పి-20ఎం క్షిపణి సుమారు 80 కిలోమీటర్ల దూరం వెళ్లి, దాదాపు అర టన్ను పేలుడు పదార్థంతో లక్ష్యాన్ని ఢీకొంటుంది. ఒక్కటి తగిలినా మధ్యస్థాయి నౌక యుద్ధానికి పనికిరాకుండా పోతుంది. జలాంతర్గాముల మీద పోరుకు హెలికాప్టర్, సోనార్, టార్పెడోలు, రాకెట్లు నాలుగూ ఉన్నాయి. లోతుకు జార్చగల సోనార్ ఉండడం బంగాళాఖాతం లాంటి సముద్రంలో ప్రత్యేకంగా అక్కరకొచ్చే సంగతి. గోదావరి, కృష్ణ, గంగ, ఇరావతి తెచ్చి పోసే మంచినీరు పైపొరలో తేలుతూ ఉంటుంది. కింద ఉప్పునీటి పొర వేరుగా ఉంటుంది. ఈ పొరల దగ్గర ధ్వని వంగిపోతుంది కాబట్టి ఓడ అడుగున బిగించిన సోనార్‌కు కింద దాగిన జలాంతర్గామి దొరక్కపోవచ్చు. సోనార్‌ను ఆ పొర కిందికి దించగలిగితే వినే అవకాశం పెరుగుతుంది.

మూడో బలం మొదట్లో పెద్దగా పట్టించుకోనిది, చివరికి అన్నిటికంటే విలువైనదిగా తేలింది. ఓడ దేహం గట్టిది. కొత్త పరికరాలు పెట్టుకోవడానికి డెక్ మీద చోటు ఉంది. అందుకే క్షిపణులు, రాడార్లు పాతబడ్డాక కూడా వాటిని మార్చి ఓడను కొనసాగించడం సాధ్యమైంది.

లోపాలు

అన్నిటికంటే పెద్ద లోపం గగనతల రక్షణలో ఉంది. వోల్నా క్షిపణి 1960ల నాటి ఆలోచన. విమానాలను కూల్చడానికి దాన్ని రూపొందించారు. ఒక గురి రాడార్ ఒక సమయంలో ఒక్క లక్ష్యాన్నే వెంబడిస్తుంది. అటువంటి రాడార్లు నౌకలో రెండే ఉన్నాయి. 1980ల నాటికి యుద్ధరీతి మారింది. నీటి అలలకు కొద్ది మీటర్ల ఎత్తులో, ఒకేసారి రెండు మూడు వైపుల నుంచి వచ్చే క్షిపణులు రంగంలోకి దిగాయి. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో అటువంటి ఎక్సోసె క్షిపణి బ్రిటిష్ డిస్ట్రాయర్ షెఫీల్డ్‌ను ధ్వంసం చేసింది. రాజ్‌పుత్ నౌకల రక్షణ ఈ ముప్పుకు సరిపోదని అప్పటికే స్పష్టమైంది.

శత్రువు కంటపడకుండా ఉండే గుణం కూడా వీటికి తక్కువ. నిటారు గోడలు, జాలీ స్తంభాలు, పెద్ద పొగగొట్టాలు శత్రు రాడార్‌కు దూరం నుంచే దొరుకుతాయి. నాలుగు టర్బైన్లు వదిలే వేడిగాలి వేడిని పసిగట్టే పరికరాలకు చక్కటి గుర్తు. వేగం ఇచ్చిన టర్బైన్లే ఇంధనాన్నీ తినేస్తాయి. చిన్నగా నడవడానికి వేరే డీజిల్ ఇంజన్ లేనందువల్ల, తీరం వెంట నెమ్మదిగా గస్తీ తిరిగే రోజుల్లో కూడా ఆ పెద్ద టర్బైన్లనే వాడాలి.

అగ్నిప్రమాదం భయం ఈ నమూనాను మొదటి నుంచీ వెన్నాడింది. బరువు తగ్గించేందుకు పై నిర్మాణాలకు అల్యూమినియం మిశ్రలోహం వాడారు. మంటల వేడికి అది ఉక్కు కంటే త్వరగా మెత్తబడుతుంది. 1974 ఆగస్టు 30న నల్ల సముద్రంలో ఇదే నమూనా సోవియట్ నౌక ఒత్‌వాజ్నీలో క్షిపణుల గదికి మంటలంటుకుని, గంటల తరబడి పోరాడినా ఓడ దక్కలేదు. 24 మంది చనిపోయారు.

క్షితిజం అవతల చూపు: తిరుత్తణి పక్కన రాజాలి

మరో లోపం ఈ నౌకలు సొంతంగా తీర్చుకోగలిగేది కాదు. క్షిపణి 80 కిలోమీటర్లు వెళ్తుంది. భూమి వంపు కారణంగా ఓడ రాడార్ మాత్రం ఎదుటి నౌకను సుమారు 40 కిలోమీటర్ల దాకానే చూస్తుంది. మిగిలిన దూరంలో శత్రువు ఎక్కడున్నాడో ఆకాశం నుంచి ఎవరో చెప్పాలి. కొంతవరకు ఓడ మీదుండే కామోవ్ హెలికాప్టర్ ఆ పని చేస్తుంది. సముద్రం మీద వేల కిలోమీటర్లు గాలించాలంటే పెద్ద గస్తీ విమానం అవసరం.

తూర్పు సముద్రం మీద ఆ చూపు తిరుత్తణి పక్కనున్న అరక్కోణం నుంచి మొదలైంది. తిరుత్తణి తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. దానికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో అరక్కోణం, అక్కడే ఐఎన్‌ఎస్ రాజాలి నౌకాదళ వైమానిక కేంద్రం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్‌ను విస్తరించి 1992 మార్చిలో దాన్ని ప్రారంభించారు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే మీద రష్యా తయారీ టియు-142 విమానాలు కొలువుదీరాయి. గోవాలో 1988లో మొదలైన ఈ ఎనిమిది విమానాల దళం 1992లో రాజాలికి మారింది. జలాంతర్గాములను వెతకడం, సముద్రంలో తిరిగే ఓడల కదలికలు కనిపెట్టడం వాటి పని. వీటి స్థానంలో 2013 నుంచి పి-8ఐ విమానాలు వచ్చాయి. టియు-142 దళం 2017 మార్చి 29న రాజాలిలోనే సేవ ముగించింది. ఆ దళంలోని ఒక విమానాన్ని విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర ప్రదర్శనకు ఉంచారు.

డిస్ట్రాయర్ బలాన్ని దాని ఆయుధాలతోనే లెక్కించడం అందుకే చాలదు. గస్తీ విమానం, తీరంలోని కేంద్రం, తోడుగా తిరిగే ఓడలు కలిస్తేనే క్షిపణి పూర్తి దూరం అక్కరకు వస్తుంది.

మరమ్మతులు, కొత్త ఆయుధాలు

లోపాలు తెలిశాక నౌకాదళం వాటిని ఒక్కొక్కటిగా సరిదిద్దింది. చివరి రెండు నౌకలు రణవీర్, రణవిజయ్ మొదటి మూడింటి కంటే మెరుగైన ఏకే-630 తుపాకులతో, కొత్త రకం కామోవ్-28 హెలికాప్టర్‌తోనే వచ్చాయి. తరువాత దగ్గరి గగనతల రక్షణకు ఇజ్రాయెల్ తయారీ బరాక్-1 క్షిపణులు ఈ తరగతిలో చేరాయి. అవి నిలువుగా పైకెగిరి ఏ వైపు నుంచి వచ్చే లక్ష్యాన్నైనా ఎదుర్కొంటాయి. వోల్నాకు అందని క్షిపణి ముప్పుకు అది జవాబు.

ఈ తరగతికి శాశ్వత గుర్తింపు తెచ్చింది బ్రహ్మోస్. భారత్, రష్యా కలిసి రూపొందించిన ఈ క్షిపణి ధ్వని కంటే 2.8 రెట్ల వేగంతో సేవలో చేరిన నాటికి 290 కిలోమీటర్ల దూరం వెళ్లేది. పరీక్షలకు గట్టి ఓడ కావాల్సి వచ్చినప్పుడు నౌకాదళం రాజ్‌పుత్‌ను ఎంచుకుంది. పాత పి-20ఎం లాంచర్లలో ఒక జతను తీసి ఆ చోట బ్రహ్మోస్ పెట్టెలు అమర్చారు. 2005లో బ్రహ్మోస్ నౌకాదళ సేవలో అడుగుపెట్టింది రాజ్‌పుత్ మీదే. 2008 డిసెంబరు 18న రణవీర్ నుంచి బ్రహ్మోస్‌ను నిలువుగా ప్రయోగించారు. కోల్‌కతా, విశాఖపట్నం తరగతుల కొత్త డిస్ట్రాయర్లన్నీ ఇప్పుడు ఇదే పద్ధతిలో బ్రహ్మోస్ మోస్తున్నాయి. 1950ల చివరి నాటి ఆలోచనతో కట్టిన ఓడ 21వ శతాబ్దపు ఆయుధానికి ప్రయోగశాల కావడం దాని దేహానికి దక్కిన పెద్ద గౌరవం.

మార్చలేనిది ఇంజన్. టర్బైన్లు, వాటి విడిభాగాలు నికొలాయెవ్‌లోనే తయారయ్యేవి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఓడ, ఇంజన్ ఉక్రెయిన్ వాటా కాగా, క్షిపణుల్లో అధికభాగం రష్యా వాటా అయింది. ఒకే నౌకకు రెండు దేశాల నుంచి భాగాలు తెప్పించుకోవాల్సి వచ్చింది. 2014 తరువాత ఆ రెండు దేశాలూ శత్రువులయ్యాయి. 2022లో యుద్ధం నికొలాయెవ్ నగరం దాకా వచ్చింది. విశాఖ డాక్‌యార్డ్ కార్మికులు, ఇంజనీర్లు ఏళ్ల తరబడి సంపాదించిన నైపుణ్యంతోనే ఈ నౌకలు అంతకాలం సముద్రం మీద నిలిచాయి.

సేవ, ప్రమాదాలు, వీడ్కోలు

శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం పనిచేసిన కాలంలో ఈ నౌకలు ఆ తీరాన గస్తీ తిరిగాయి. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో నౌకాదళం చేపట్టిన ఆపరేషన్ తల్వార్‌లో రంజిత్ పాల్గొంది. 2004 సునామీ సహాయంలో, 2014 అక్టోబరులో విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను తరువాతి పనుల్లో కూడా ఆ నౌక ఉంది. 36 ఏళ్లలో రంజిత్ 2,190 రోజులు ప్రయాణించి, 7,43,000 నాటికల్ మైళ్లకు పైగా తిరిగిందని వీడ్కోలు సందర్భంగా నౌకాదళం ప్రకటించింది.

చివరి ఏళ్లలో ప్రమాదాలూ జరిగాయి. 2021 అక్టోబరులో విశాఖలో రణవిజయ్ మీద మంటలు రేగి నలుగురు నావికులు గాయపడ్డారు. 2022 జనవరి 18న ముంబై డాక్‌యార్డ్‌లో ఉన్న రణవీర్ లోపలి గదిలో పేలుడు జరిగి ముగ్గురు నావికులు మరణించారు. పాత ఓడను నడపడంలో ఖర్చు కంటే బరువైన బాధ్యత సిబ్బంది ప్రాణరక్షణ.

రంజిత్ 2019 మే 6న, రాజ్‌పుత్ 2021 మే 21న విశాఖలో వీడ్కోలు తీసుకున్నాయి. అదే 2021 నవంబరు 21న ముంబైలో ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నౌకాదళంలో చేరింది. రెండింటినీ పక్కపక్కన పెడితే నాలుగు దశాబ్దాల దూరం కనిపిస్తుంది. 7,400 టన్నుల ఈ నౌక రూపకల్పన, నిర్మాణం భారతదేశానివే. గోడలు రాడార్‌కు చిక్కకుండా వాలుగా ఉంటాయి. 32 బరాక్-8 క్షిపణులు ఒకేసారి పలు లక్ష్యాలను ఎదుర్కొంటాయి. 16 బ్రహ్మోస్‌లు నిలువుగా లేస్తాయి. రాజ్‌పుత్‌లో లోపాలుగా తేలిన గగనతల రక్షణ, కంటపడే గుణం రెండూ ఇందులో చాలావరకు తీరాయి.

తీరం దగ్గర జలాంతర్గాములను వెతికే పని కూడా పెద్ద డిస్ట్రాయర్ల భుజాల మీంచి దిగుతోంది. అందుకోసం ప్రత్యేకంగా చిన్న నౌకలు కడుతున్నారు. తిరువళ్లూరు జిల్లా పొన్నేరి దగ్గర, ఎన్నూరుకు ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి ఎల్ అండ్ టి షిప్‌యార్డ్‌కు ఇందులో భాగం ఉంది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ సంస్థ కోసం అక్కడ నిర్మించిన ఆర్నాలా 2022 డిసెంబరు 20న కాట్టుపల్లిలో నీటిలోకి దిగి, 2025 జూన్ 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. 1970ల్లో విశాఖ నుంచి పనిచేసిన సోవియట్ తయారీ పెట్యా నౌకల్లో ఒకదాని పేరు కూడా ఆర్నాలానే. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళ సరుకు నౌక చార్లెస్ డ్రూ మరమ్మతుకు వచ్చింది కూడా కాట్టుపల్లికే. భారతదేశంలో అమెరికా నౌకాదళ ఓడ మరమ్మతుకు రావడం అదే మొదలు. ఓడలకూ విడిభాగాలకూ విదేశీ రేవుల వైపు చూసిన తూర్పు తీరం, ఓడలు కట్టి ఇతరుల ఓడలను బాగుచేసే స్థాయికి ఎదిగింది.

రాజ్‌పుత్ తరగతి లెక్క ఇలా తేలుతుంది. ఓడ దేహం, వేగం, చోటు అనుకున్నదానికంటే ఎక్కువకాలం నిలిచాయి. రాడార్లు, గగనతల రక్షణ ముందుగా పాతబడ్డాయి, వాటిని మార్చడం కొంతవరకు సాధ్యమైంది. ఇంజన్ కోసం పరాయి దేశం మీద ఆధారపడడం మాత్రం చివరిదాకా తీరలేదు. ఈ చివరి పాఠం ఇంకా పూర్తి కాలేదు. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నౌకను నడుపుతున్న నాలుగు గ్యాస్ టర్బైన్లు కూడా ఉక్రెయిన్‌కు చెందిన జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ సంస్థవే. యుద్ధనౌకను నడిపే టర్బైన్ దేశంలోనే తయారైన రోజున ఆ లోపం కూడా తీరుతుంది.